నీళ్లుండీ ఆపిన రోజులు: నా దానిమ్మ తోట అనుభవం

కళ్యాణదుర్గానికి దగ్గరలోని మా ఊరి ఎర్రనేలలో మా నాయన బతికున్నంత కాలం వేరుశనగ తప్ప మరొకటి వేయలేదు. నేను 2021లో అదే మూడెకరాల్లో దానిమ్మ నాటాను. ఈ నాలుగేళ్లలో ఒక మంచి పంటను, ఒక చెడ్డ పంటను చూశాను. మూడో పంటకు ఇప్పుడే మొదటి తడి ఇచ్చాను. తోట చూడటానికి వచ్చే వాళ్లందరూ ముందుగా ఎకరాకు ఎంత మిగులుతుందని అడుగుతారు. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు కనుక, జరిగినదంతా జరిగిన వరుసలోనే రాస్తున్నాను. ఇందులోని తేదీలు నా జ్ఞాపకంలోవి కావు; వంటింట్లో వేలాడే క్యాలెండరు మీద మా ఆవిడ ఏ రోజుకా రోజు రాసిపెట్టినవి.

దానిమ్మ మా ఇంటికి కొత్త కాదు. మా మేనమామ ఒకప్పుడు గణేశ్ రకం వేసి, మచ్చ తెగులు వచ్చి, కాయలున్న చెట్లను వేళ్లతో సహా పెరికించి తగలబెట్టాడు. ఆ రోజుల్లో మా జిల్లాలో అలా పెరికేసిన తోటలు చాలా ఉన్నాయి. నేను దానిమ్మ వేస్తానన్నప్పుడు ఆయన వద్దనలేదు. "కత్తెర పట్టుకుని వచ్చేవాడి చేతుల్ని చూసుకోప్పా" అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

2021 మే నెలలో టిష్యూకల్చర్ మొక్కలకు బయానా కట్టాను. రకం భగువా, మహారాష్ట్రలోని రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకమే ఇప్పుడు మా చుట్టుపక్కల తోటలన్నిటా ఉంది. మొక్కకు 42 రూపాయల చొప్పున 930 మొక్కలు, వరుసల మధ్య 14 అడుగులు, మొక్కల మధ్య 10 అడుగులు. డబ్బు కట్టిన తరువాత నాలుగు నెలలు వేచి ఉండాలన్న సంగతి నాకు ముందు తెలియదు. అయితే ఆ నాలుగు నెలలూ వృథా కాలేదు. జేసీబీతో రెండడుగుల లోతు గుంతలు తీయించి, ఎండాకాలపు చివరి ఎండకు వాటిని అలాగే వదిలి, ఆ తరువాత పశువుల ఎరువు, వేపపిండి కలిపిన పైమట్టితో నింపాము. జేసీబీకి 28,600 రూపాయలు, పన్నెండు ట్రాక్టర్ల ఎరువుకు 54,000 రూపాయలు అయ్యాయి. డ్రిప్పుకు సబ్సిడీ వస్తుందని దరఖాస్తు పెట్టాను గానీ, మొక్కలు వచ్చే రోజు దగ్గరపడినా కాగితం కదలలేదు. చివరికి 1,12,000 రూపాయలు అప్పు తెచ్చి నేనే వేయించుకున్నాను.

సెప్టెంబరు 9న మొక్కలు లారీలో వచ్చాయి. జానెడు కూడా లేని మొక్కలను చూసి మా అమ్మ, "కొత్తిమీర కట్టలు దించుకుంటాండావా నాయనా" అని నవ్వింది. మూడు రోజుల్లో నాటడం పూర్తయింది. మొదటి ఏడాదిలో 41 మొక్కలు చచ్చిపోయాయి. వాటిలో సగం చెదల వల్ల పోయాయి, మిగతావి డ్రిప్పర్లు మూసుకుపోవడాన్ని నేను సకాలంలో గమనించకపోవడం వల్ల పోయాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నెలకొకసారి లాటరల్ పైపుల చివరలు విప్పి నీళ్లు వదలాలని ఎవరో చెప్పారు, నేను పెడచెవిన పెట్టాను.

మొదటి రెండేళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఖర్చు ఉంటుంది, రాబడి ఉండదు. మొదలు దగ్గర నాలుగు కొమ్మలను మాత్రమే ఉంచి, పుట్టుకొచ్చే పిలకలను నెలనెలా తీసేయాలి. ఆ ముళ్ల వల్ల నా రెండు చేతులూ ఎప్పుడూ గీరుకుపోయి ఉండేవి. పాత సాక్సుల మడమలు కత్తిరించి మోచేతుల దాకా తొడుక్కోవడం కూలికి వచ్చిన ఆడవాళ్లు నాకు నేర్పించారు. పదో నెలలోనే చెట్లు పూత పూశాయి. ఎర్రగా, మైనంతో చేసినట్లున్న ఆ పూలను నేను తుంచి పారేస్తుంటే మా అమ్మ గట్టు మీద నిలబడి, "పుట్టిన పూతంతా పెరికి పారేస్తాండావే, ఇది ధర్మమేనా నాయనా?" అని అడిగింది. చెట్టు బలపడకముందు కాయ మోస్తే కొమ్మ వంగిపోతుందనీ, పెరుగుదల ఆగిపోతుందనీ నేను చెప్పాను గానీ, ఆమెకు తృప్తి కలగలేదు. నిజానికి నాకూ కలగలేదు.

2022 డిసెంబరులో ఉన్న బోరులో నీళ్లు ఇంచున్నరకు తగ్గాయి. కొత్త బోరు 720 అడుగులు వేయించాము. దుమ్ము తప్ప చుక్క రాలేదు. దానికి 1,15,000 రూపాయలు పోయాయి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. కంచె, వెదురు కర్రలు, మందులు, కూలీలు, ఈ ఎండిన బోరు అన్నీ కలిపితే, మొదటి కాయ కోయకముందే అయిదున్నర లక్షలు దాటింది. ఎకరాకు ఎంత మిగులుతుందని అడిగేవాళ్లు ముందుగా ఈ అంకెను రాసుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. దానిమ్మ ఏడాది పొడవునా అప్పుడొకటి అప్పుడొకటి పూస్తూనే ఉంటుంది. కాయలన్నీ ఒకేసారి కోతకు రావాలంటే పూత కూడా ఒకేసారి రావాలి, దానికోసం తోటను బెట్టకు వదలాలి. అంటే నీళ్లు ఆపేయాలి, ఆకు రాల్చాలి, కత్తిరించాలి, ఎరువు వేసి మళ్లీ నీళ్లివ్వాలి. దీన్నే బహార్ పట్టడం అంటారు. జూన్, జూలైలో పడితే మృగ్ బహార్, సెప్టెంబరు, అక్టోబరులో పడితే హస్త బహార్, జనవరి, ఫిబ్రవరిలో పడితే అంబే బహార్. అంబే బహార్‌లో తెగుళ్లు తక్కువే గానీ కాయ పెరిగే రోజులన్నీ నడి వేసవిలో పడతాయి, మా బోరు దాన్ని మోయలేదు. మృగ్ బహార్‌లో వానలకు మచ్చ తెగులు ఎక్కువ. కాబట్టి మాకు హస్తే మిగిలింది.

2023 ఆగస్టు 12న గేట్ వాల్వు తిప్పి నీళ్లు ఆపాను. బోరు అప్పుడు బాగానే పోస్తోంది. నీళ్ల కోసం భూమిని 720 అడుగుల దాకా తవ్విన మనిషి, ఉన్న నీళ్లను తన చేత్తో ఆపడం ఎలా ఉంటుందో మా సీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నీళ్లు ల్యాక చచ్చిన చెట్లను చూసినాం గానీ, నీళ్లుండి ఎండబెట్టేటోన్ని నిన్నే చూస్తాండా" అంది. ఆ ఆగస్టు దేశమంతటా 1901 తరువాత ఎన్నడూ లేనంత పొడిగా గడిచిందని ఆ తరువాత చదివాను. వేరుశనగ వేసిన వాళ్లందరూ ఆకాశం వైపు చూస్తుంటే, ఊరంతటికీ నేనొక్కడినే వాన రాకూడదని కోరుకుంటున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోదగిన కోరిక కాదది.

పదిహేనో రోజుకు ఆకులు వాలిపోయాయి, ఇరవై అయిదో రోజుకు పసుపు రంగుకు తిరిగాయి. తేలిక నేల కాబట్టి నెల రోజులు చాలని కళ్యాణదుర్గం కృషి విజ్ఞాన కేంద్రంలో చెప్పారు; నేను భయంతో రోజూ వేళ్ల దగ్గర మట్టి తీసి చూసేవాణ్ణి. సెప్టెంబరు 10 నుంచి 14 వరకు కత్తిరింపు జరిగింది. 16న ఆకు రాల్చే ఈత్రెల్ మందు, డీఏపీ ఎరువు కలిపి పిచికారీ చేశాము. వారంలో ఆకంతా రాలి, తోట కట్టెల పొయ్యికి పనికివచ్చే ముళ్లకంపలా నిలబడింది. ఆ ఏడు రోజులూ నాకు సరిగా నిద్ర పట్టలేదు. పక్క పొలం ఆయన వచ్చి చూసి, ఏమీ అనకుండా తల ఊపి వెళ్లిపోవడం మరీ భయపెట్టింది. 25న ఎరువులు వేసి మొదటి తడి ఇచ్చాము. తొమ్మిదో రోజున కొమ్మలన్నిటా ఎర్రటి చిగుళ్లు ఒకేసారి లేచాయి. అమ్మను పిలిచి చూపించాను. ఆమె ఒక్కో చెట్టునూ తాకుతూ వరుస చివరి దాకా నడిచింది.

అక్టోబరు చివరికి పూత వచ్చింది. వచ్చిన వారానికే సగం పూలు రాలిపోయాయి. తెగులేమోనని హడలిపోయి, రాలిన పూలను సంచిలో వేసుకుని మళ్లీ కృషి విజ్ఞాన కేంద్రానికి పరుగెత్తాను. అక్కడ ఒకాయన వాటిని బల్ల మీద పోసి, గంట ఆకారంలో అడుగు సన్నగా ఉన్నవి మగపూలనీ, అవి రాలిపోవడం సహజమనీ, కూజాలాగా అడుగు ఉబ్బినవే పిందె పడతాయనీ విడదీసి చూపించాడు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నాకు నాలుగు రోజుల గుండెదడ తప్పేది. పూత మీద తేనెటీగలు తిరిగే రోజుల్లో పురుగుమందు కొట్టవద్దని కూడా ఆయనే చెప్పాడు.

మొదటి పంట కావడంతో చెట్టుకు నలభై కాయలకు మించి ఉంచలేదు. 2024 మార్చి నుంచి ఎండలు ముదిరాయి. ఎండ నేరుగా తగిలిన కాయకు పడమటి వైపు గోధుమరంగు మచ్చ పడి గట్టిపడుతుంది, వ్యాపారి దాన్ని పక్కన పడేస్తాడు. కొనే కవర్లకు డబ్బు లేక, పాత చీరలు అమ్మేవాళ్ల దగ్గర ఒక్కోటి 22 రూపాయల చొప్పున అయిదు వందల చీరలు తెచ్చి వరుసల మీద కప్పాము. తోటంతా రంగురంగులుగా పెళ్లి పందిరిలా కనిపించేది; కూలికి వచ్చిన ఆడవాళ్లు అందులో జరీ అంచు చీరలను చూసి, ఎవరి ఇంట్లోవో, ఎందుకు అమ్ముకున్నారో అని మాట్లాడుకునేవాళ్లు. ఏప్రిల్‌లో బోరు తగ్గింది. ముప్పై ఎనిమిది ట్యాంకర్ల నీళ్లను, ఒక్కోటి 700 రూపాయలకు కొన్నాను. ఆ నెలలో ఒక వారం తడులు సరిగా ఇవ్వలేకపోయి, ఆ వెంటనే ఒకేసారి ఎక్కువ నీళ్లు ఇచ్చాను. దానికి శిక్షగా రెండు వరుసల కాయలు పగిలాయి.

కోత మే 3న మొదలైంది. కాయ కిరీటం రేకులు లోపలికి ముడుచుకోవాలి, కాయ పక్కలు నున్నగా గుండ్రంగా కాక కొద్దిగా పలకలు తేలాలి, వేలితో తడితే రేకు డబ్బాలా మోగాలి. చేత్తో లాగకూడదు; కత్తెరతో తొడిమ పొట్టిగా ఉండేలా కత్తిరించాలి. సరిగ్గా అదే సమయంలో ఎన్నికలు వచ్చాయి. మే 13న పోలింగు ముగిసే దాకా సభలకు, ఊరేగింపులకు వెళ్లేవాళ్లే గానీ కోతకు వచ్చేవాళ్లు దొరకలేదు; రోజుకు 500 ఇస్తానన్నా బతిమాలుకోవలసి వచ్చింది. వ్యాపారి మహారాష్ట్ర నుంచి వచ్చాడు. మేలురకం కిలో 105 రూపాయలకు, రెండో రకం 55కు, పగిలినవీ ఎండదెబ్బ తిన్నవీ 20కి మాట్లాడుకున్నాము. తూకం దగ్గర మాత్రం క్వింటాలుకు మూడు కిలోలు తరుగు తీశాడు. ఇది ముందు మాట్లాడుకోలేదు కదా అంటే, మేస్త్రీ నవ్వి, అది మాట్లాడుకునే విషయం కాదన్నాడు. తరుగు పోను 5.9 టన్నులు మేలురకం, 1.2 టన్నులు రెండో రకం, అర టన్ను మిగతావి. మొత్తం 6,95,500 రూపాయలు. ఆ పంట ఖర్చు 2,60,000. చేతికి సగం డబ్బు వెంటనే, మిగతా సగం ఇరవై మూడు రోజుల తరువాత వచ్చింది. ఆ ఇరవై మూడు రోజులు నేను ఆయనకు చేసిన ఫోన్లకు లెక్క లేదు.

ఆ డబ్బుతో అప్పులో పెద్ద భాగం తీర్చాను. నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అది ధైర్యం కాదు, తొందర. మొదటి ఏడాది వానలు లేకపోవడం వల్ల బెట్ట చక్కగా కుదిరిందన్న సంగతిని నేను నా పనితనం ఖాతాలో వేసుకున్నాను.

2024 ఆగస్టు 20న మళ్లీ నీళ్లు ఆపాను. ఈసారి నేను ఆపినా పైనుంచి వానలు ఆగలేదు. నేల తడి ఆరకుండానే నెల గడిచింది, ఆకు పచ్చగానే ఉంది. ఇంకో నెల ఆగి ఉండవలసింది. కానీ అప్పటికే కత్తిరింపు ముఠాకు తేదీ ఇచ్చి ఉన్నాను, పైగా వాళ్లు పక్క మండలంలో ఒక తోట ముగించి నేరుగా మా తోటకు వచ్చారు. కత్తెరలను మందునీళ్లలో ముంచండి అని మొదటి రోజు ఒకసారి చెప్పాను. వాళ్లు సరేనన్నారు. నేను టీ తేవడానికి వెళ్లాను. సెప్టెంబరు 22న ఆకు రాల్చే మందు కొట్టాము, 30న మొదటి తడి. చిగుళ్లు లేతగా ఉన్న అక్టోబరు మూడో వారంలో పెద్ద వానలు పట్టుకున్నాయి. పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలు మునిగిన వానలు అవే. మూడు రోజులు తోటలోకి కాలు పెట్టలేకపోయాము.

అక్టోబరు 29న ఉదయం నాలుగో వరుసలో, ఆకు మీద నూనె చుక్క పడినట్లున్న మచ్చ కనిపించింది. వెలుతురుకు ఎత్తి చూస్తే దాని చుట్టూ పసుపు వలయం ఉంది. నేను ఆ ఆకును జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లి ఎవరికీ చూపించలేదు. రెండు రోజుల పాటు నాలో నేనే అది వేరేదేదో అయి ఉంటుందని చెప్పుకున్నాను. ఆ రెండు రోజుల్లో అది నాలుగో వరుస నుంచి పదకొండో వరుసకు చేరింది. చివరికి మేనమామను పిలుచుకొచ్చాను. ఆయన చెట్టును తాకలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వరుసల మధ్య నడిచి, బయటికి వచ్చి, చెప్పులు విప్పి కడిగించుకున్నాడు. అప్పుడు నాకు ఆయన పాత మాట అర్థమైంది: ఈ తెగులు కత్తెరల వెంటే తోట నుంచి తోటకు వస్తుంది.

ఆ తరువాతి నాలుగు నెలలు యుద్ధమే. ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని నేనే తయారుచేయడం నేర్చుకున్నాను: ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో కిలో మైలుతుత్తం, ఇంకో డ్రమ్ములో కిలో సున్నం వేరువేరుగా కరిగించి, రెండూ కలిసి వంద లీటర్లయ్యేలా కలపాలి. ఇనుప డ్రమ్ము వాడకూడదు. కలిపిన తరువాత కొడవలి అంచును అందులో ముంచి తీయాలి. ఇనుము మీద ఎర్రటి పొర పడితే సున్నం చాలలేదని అర్థం. ఆ నీలిరంగు నా గోళ్లలోంచి వారాల తరబడి పోలేదు. డిసెంబరుకు కాయల మీద నల్లటి మచ్చలు వచ్చి, వాటి మధ్య నుంచి కాయ చీలడం మొదలైంది. మచ్చ కనిపించిన ప్రతి కాయనూ కోసి, సంచిలో వేసి, తోట బయట గుంతలో తగలబెట్టాము. పచ్చి కాయలు అంత సులభంగా కాలవు. డీజిలు పోయవలసి వచ్చింది. మా అమ్మ ఆ వైపు రావడం మానేసింది.

ఈ సంగతిని ఊళ్లో దాచాలా, చెప్పాలా అన్నది నన్ను బాగా బాధించింది. దాస్తే పక్క తోటలకు పాకుతుంది. చెబితే వ్యాపారి తోట మెట్లు ఎక్కడు. మూడు తోటలున్న మా పక్క ఊరి తమ్ముడు ఒకరికి మాత్రం ఫోను చేసి చెప్పాను. అతను కోప్పడతాడనుకున్నాను. "చెప్పినావు, అంతే చాలు అన్నా" అన్నాడు. అతని తోటలో కూడా అదే ముఠా కత్తిరించవలసి ఉంది, వాళ్లను ఆపేశాడు.

2025 ఏప్రిల్ చివర కోతకు మొదట వచ్చిన వ్యాపారి రెండు చెట్ల దగ్గర ఆగి, "తేల్యా" అని ఒక్క మాట అని కారెక్కి వెళ్లిపోయాడు. నూనె మచ్చను మరాఠీలో అలా అంటారు. తరువాత వచ్చినవాడు 1.4 టన్నుల శుభ్రమైన కాయకు కిలో 92, మచ్చలున్న రెండున్నర టన్నులకు 34 ఇచ్చాడు. వచ్చింది 2,13,800, పెట్టింది 3,10,000. మచ్చ తోలు మీదే ఉంటుంది, గింజ ఎర్రగా, తియ్యగా అలాగే ఉంటుంది. మేము ఆ వేసవంతా అలాంటి కాయలే తిన్నాము, ఊళ్లో బాలింతలకు, పిల్లలకు పంచాము.

తోటను పెరికేద్దామా అని మా ఆవిడా నేనూ జూన్‌లో చాలా రాత్రులు మాట్లాడుకున్నాము. పెరకలేదు. కొమ్మల మీద పుండ్లు పడిన భాగాలను రెండంగుళాల కింద నుంచి కోసి, కోసిన చోటల్లా బోర్డో పేస్టు పూసి, నాలుగు నెలలకు పైగా విశ్రాంతి ఇచ్చాము. ఆ నెలల్లో ఎరువు వేశాము, పిచికారీ మానలేదు, పూసిన ప్రతి పూవునూ తుంచేశాము. ఈసారి అమ్మ కూడా తుంచింది. కత్తిరింపుకు బయటి ముఠాను పిలవలేదు. మేమిద్దరం, మా ఆవిడ తమ్ముడు కలిసి, ఒక్కో చెట్టు అయిన తరువాత కత్తెరను మందునీళ్ల బకెట్టులో ముంచుతూ, ముఠా అయిదు రోజుల్లో చేసే పనిని పంతొమ్మిది రోజుల్లో చేశాము. తోట గేటు దగ్గర కాళ్లు కడుక్కోవడానికి ఒక తొట్టి కట్టించాను. దాన్ని చూసి కొందరు గుడికి వచ్చామా అని హాస్యమాడుతున్నారు, ఆడనీ.

ముఖ్యంగా, తేదీని నేను నిర్ణయించలేదు. వానలు వెనక్కి తగ్గే దాకా ఆగి, అక్టోబరు 8న నీళ్లు ఆపాను. మధ్యలో రెండు జల్లులు పడితే ఆ రోజులను లెక్కలోంచి తీసేసి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. కోత జూన్‌కు వెళుతుంది, అప్పటికి ధర ఎలా ఉంటుందో, ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు కొనాలో ఇప్పుడే చెప్పలేను. ట్యాంకర్ల కోసం 40,000 రూపాయలు విడిగా తీసిపెట్టాను.

నవంబరు 21న మొదటి తడి ఇచ్చే రోజు. ఉదయం ఏడు గంటలకు నేను తోటకు చేరేసరికి అమ్మ అప్పటికే వాల్వు దగ్గర కూర్చుని ఉంది. "ఈ పొద్దేనా?" అని అడిగింది. అవునన్నాను. నన్ను ముట్టనివ్వకుండా తానే వాల్వు తిప్పి, మొదటి డ్రిప్పరు నుంచి చుక్క పడే దాకా ఆ చెట్టు మొదట్లోనే వంగి చూస్తూ నిలబడింది.